మంగతాయారు నడికట్టు

“ఒక్క టిక్కీ నీళ్లలో పడిందంటే నేనూరుకోను పోలయ్యా! తెల్లారనీ. పడవలు పిలిపిస్తా, కూలీలను పిలిపిస్తా, బస్తాకు బస్తా ఒడ్డుకు చేర్పిస్తా.”

“తెల్లారేసరికి ఓడంటూ ఉంటే గదండీ, బస్తాలు దించడానికి! సగం సరుకు ఇప్పుడే సముద్రంలోకి నెడితే రాత్రి పోటుకు ఓడ అదే తేలుద్ది. లేదా, పొద్దున వచ్చి కలప ఏరుకుందురుగాని.”

“నెట్టడానికి అవేమన్నా రాళ్లా? రైతుల కాయ అది. వాళ్ల మొహం చూడాల్సింది నేను. నువ్వు గాదు.”

“నేను చూసే మొహాలు నాకున్నాయండి. ఇద్దరు మనుషులు ఇంకా దాని మీదే ఉన్నారు.”

“అసలు ఇంతదాకా తెచ్చిందెవరు? ఓడ నడిపింది నువ్వు కాదూ?”

“తడికాయ ఎక్కించిందెవరు?”

“ఎక్కిస్తుంటే నీ కళ్లేమయినాయి? అప్పుడేమో నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డావు.”

చీరాల పక్కన ఓడరేవు ఒడ్డున, పొద్దు వాలే వేళ, ఈ మాటలు జరుగుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. మొదట మాట్లాడినవారు షావుకారు రాఘవయ్య గారు. ఓడ ఆయనది. దానికి ఆయన తన తల్లి పేరు పెట్టుకున్నారు, మంగతాయారు అని. బదులు చెబుతున్నది సరంగు పోలయ్య, అంటే ఓడ నడిపే పెద్ద. ఓడ ఒడ్డుకు కూతవేటు దూరంలో ఇసుక దిబ్బ మీద ఎక్కి కూర్చుని ఉంది. దాని కడుపు నిండా మిరపకాయ టిక్కీలు, అంటే కాయ తొక్కి నింపిన పెద్ద బస్తాలు. పైన ఉండిపోయిన ఇద్దరిలో ఒకరు మా ఇంటాయన. ఆయన పేరు మస్తాను. ఆ రోజుల్లో భర్త పేరు పలికేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన లేరు, రాస్తే తప్పులేదు.

ఆ తగవు ఎట్లా తెగిందో తర్వాత చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు నా పని ఏమిటో తెలియాలి.

ఎందుకు రాస్తున్నాను

మా మనవరాలు షంషాద్ చీరాలలో పట్టాల షెడ్డు నడుపుతోంది. లారీలకు, మిర్చి కల్లాలకు టార్పాలిన్ పట్టాలు కుడతారు. పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలకు నేను ఏదో ఒకటి చెప్పబోతాను. మిషన్లు తిరుగుతుంటే మాట వినపడదు. ఆపమంటే పని ఆగుతుంది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. నా అక్షరాలు పెద్దవిగా వస్తాయి, కాగితం ఎక్కువ పడుతుంది. ఆ ఒక్కటే నాకు బాధ.

ఎవరికి ఏ బిరుదు ఇచ్చారు, ఎవరు ఎవరికి శాలువా కప్పారు, అవన్నీ మీకు అక్కర్లేదు. నాకు ఎవరూ కప్పలేదు కూడా. కప్పితే దాన్ని విప్పి దిండు గలీబులు కుట్టేదాన్ని.

గుడ్డ, దారం, దబ్బనం

మా వాళ్ల వృత్తి దూది ఏకడం. పరుపులు, బొంతలు కుట్టేవాళ్లు. మా మామ ఖాసిం ఓడరేవులో ఉండటం వల్ల ఆయనకు ఇంకో పని తగిలింది. ఓడ పలకల సందుల్లో నీళ్లు దిగకుండా నూనెలో తడిపిన దూది కూరి, పైన గుగ్గిలం పూస్తారు. ఆ దూది ఆయన ఇచ్చేవాడు. దూది ఇచ్చినవాడు తర్వాత తెరచాపలు కూడా కుట్టడం మొదలుపెట్టాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో వంట చేయించారు. నా వంట తిని నాకు దబ్బనం ఇచ్చారు.

తెరచాప అంటే పెద్ద దుప్పటి కాదు. చీరాల మగ్గాల మీద నేసిన ముతక గుడ్డను పొడుగు పట్టీలుగా కోసి, అంచు మీద అంచు మడిచి, రెండు వరసల కుట్టు వేస్తాం. దారానికి మైనం పట్టించాలి. దబ్బనాన్ని అరచేత్తో నెట్టాలి కాబట్టి చేతికి తోలు కట్టుకోవాలి. చుట్టూ అంచుకు కొబ్బరి తాడు పెట్టి కుట్టాలి. గాలి లాగేది గుడ్డను కాదు, ఆ తాడును. అంతా అయ్యాక తుమ్మచెక్క మరిగించిన నీళ్లలో ముంచితే చాప ఇటుక రంగుకు తిరుగుతుంది, తొందరగా కుళ్లదు.

మా మామ తెగిన దారం ముక్క కూడా పారేయనిచ్చేవాడు కాదు. మూర కంటే పొడుగుంటే ముడేసి బొంతలకు వాడాలి. అంతకంటే పొట్టిదయితే దిండులో కూరాలి. మొండిదైన దబ్బనాన్ని రాతి మీద నూరాలి. ఇప్పుడు షెడ్డులో పిల్లలు కండె చివర దారం మిగిలిందని తీసి పారేస్తుంటే నేను ఏరి కొంగున కట్టుకుంటాను. “నాయనమ్మా, అంత ముక్కతో ఏం చేస్తావే?” అంటారు. ఏం చేస్తానో ముందే తెలిస్తే దాచడం ఎందుకు? తెలియదు కాబట్టే దాస్తాం.

ఒక దర్జీ సంగతి చెప్పాలి. రాఘవయ్య గారు ఒక ఏడాది, మా మామ చేతిపని ఆలస్యమవుతోందని, చీరాల నుంచి చొక్కాలు కుట్టే దర్జీని పిలిపించారు. అతను మంచి పనివాడే. మిషన్ మీద మూడు పూటల్లో చిన్న చాప కుట్టేశాడు. కుట్టు చూస్తే ముత్యాల వరస. ఒడ్డు మీద పరిచి అందరూ మెచ్చుకున్నారు. ఓడ మీద ఎత్తారు. గాలి పట్టలేదు. పెళ్లిపందిరి గుడ్డలాగా టపటపా కొట్టుకుంది. పోలయ్య ఓడ మీద నుంచి ఒడ్డుకు వినపడేట్టు అరిచాడు: “ఒరేయ్ దర్జీ! అన్నీ కుట్టావు గాని దీనికి జేబులు మర్చిపోయావురా!”

నవ్వులాటగా అన్నాడు గాని మాట నిజమే. గాలి నిలవడానికి చాపకు కొంచెం పొట్ట కావాలి. పట్టీలను నడుమ కాస్త వెడల్పుగా, చివర్లు కాస్త సన్నగా కోస్తే ఆ పొట్ట వస్తుంది. దర్జీ గుడ్డను నేల మీద పడుకోబెట్టి కొలిచాడు. నేల మీద అది సరిగ్గానే ఉంది. కాని దాని పని నేల మీద కాదు కదా.

ఇప్పటి పట్టాకు కూడా ఇదే మాట. ఖాళీ లారీకి కొలత తీసి కుడితే, లోడు ఎక్కాక మూల అందదు. అప్పుడు డ్రైవరు లాగి కడతాడు, తాడు దూర్చే కంతకు వేసిన రింగు ఊడుతుంది, తిట్లు మనకు. గుడ్డ పని చేసేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంచి కొలవండి.

ఓడ

మంగతాయారు రెండు స్తంభాల ఓడ. ఇంజను లేదు. మాఘమాసం నుంచి మన మెట్ట పొలాల మిరపకాయ, పొగాకు బండ్ల మీద ఓడరేవుకు వచ్చేవి. పడవల్లో అలలు దాటించి ఓడకు ఎక్కించేవాళ్లు. ఎక్కువగా చెన్నపట్నం, ఒక్కోసారి కాకినాడ. తిరుగు ప్రయాణంలో కొబ్బరి తాళ్లు, పెంకులు, పింగాణీ జాడీలు తెచ్చేది. మా అత్త ఊరగాయ పెట్టే జాడీ ఆ ఓడ మీద వచ్చిందే. ఇప్పటికీ షంషాద్ వంటింట్లో ఉంది, మూత ఒక్కటే మారింది.

గాలి మనవైపు ఉంటే ఆ ఓడ కంటికి కనపడకముందే ముక్కుకు తెలిసేది. సముద్రం మీద నుంచి మిరప ఘాటు వచ్చి గుడిసెల్లో పిల్లలు తుమ్మేవాళ్లు. “మంగతాయారమ్మ వస్తోంది, కూర పొయ్యి మీద పెట్టండి” అనేది మా అత్త. ఆమె కొడుకు ఆ ఓడ మీద ఖలాసీ మరి.

దాని పెద్ద చాప చివరిసారి నేను కుట్టాను. అప్పటికి మా మామకు చూపు తగ్గింది. ఆయన వేలితో కుట్టు తడిమి చూసేవాడు. బాగుంటే ఏమీ అనేవాడు కాదు. నేనూ షెడ్డులో పిల్లలను పొగడను. పొగడలేదంటే బాగుందని తెలుసుకోవాలి.

షావుకారు, సరంగు

ఇద్దరి గురించీ ఉన్నదున్నట్టు రాస్తాను. ఇద్దరూ పోయారు. పోయినవాళ్ల మీద అబద్ధం రాయకూడదు, మంచి అబద్ధమయినా సరే.

రాఘవయ్య గారిని ఊళ్లో లోభి అనేవాళ్లు. నన్నూ అంటారు. లోభం తప్పు కాదు. దేని దగ్గర లోభం చూపాలో తెలియకపోవడం తప్పు. ఆయన ఓడ ఎక్కితే చెప్పులు విడిచి ఎక్కేవారు. ప్రతి కుట్టునూ గోరుతో గీరి చూసేవారు. తాడు పాతదయితే విప్పించి మళ్లీ పేనించేవారు. ఇదంతా మంచి లోభం. కాని ఓడను ఏడాదికోసారి ఒడ్డుకు లాగి, అడుగున సందులు కెలికి, కొత్త దూది కూరాలి. ఆ ఏడాది ఆ పనిని “వానల్లో చూద్దాంలే” అని ముందుకు నెట్టారు. మా మామ తూచి ఉంచిన దూది బస్తా అట్లాగే మూలన ఉంది. పైకి కనపడే దాని మీద శ్రద్ధ, కనపడని దాని మీద వాయిదా. ఇది షావుకార్ల జబ్బు. చిన్న షెడ్డు పెట్టుకున్నవాళ్లకు కూడా వస్తుంది.

పోలయ్య సముద్రం ఎరిగినవాడు. నోరు పెద్దది. కాని ఆయనకో గుణం ఉంది. పనికొచ్చే మాట ఒకసారే చెప్పేవాడు. వినకపోతే, “నా మాట లెక్క లేనప్పుడు నాకెందుకు” అని మూతి ముడుచుకునేవాడు. హాస్యాలు మాత్రం పదిసార్లు చెప్పేవాడు. పిల్లలూ, చెప్పాల్సిన మాటను తిరగేసి తిరగేసి చెప్పండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

తడికాయ

ఇక్కడివాళ్లకు కొత్త కాదు గాని, బయటివాళ్లు చదివితే తెలియడానికి రాస్తున్నాను. కల్లంలో ఎండిన మిరపకాయ గలగలమంటుంది. అట్లాగే బస్తాలో తొక్కితే ముక్కలవుతుంది, గింజ రాలుతుంది. అందుకని తొక్కేముందు పైన నీళ్లు చల్లి కాయను మెత్తబరుస్తారు. అందరూ చేసేదే. అప్పుడు కాయ విరగదు, తొక్కేవాడికి కోరు, అంటే ముక్కు మండించే ఘాటు, ఎక్కదు, టిక్కీ గట్టిగా నిండుతుంది. ఊరి నుంచి గుంటూరుకు బండి మీద పోయేదానికి ఏ ఇబ్బందీ లేదు. పోగానే విప్పుతారు, గాలి తగులుతుంది.

ఓడలోకి కూడా అట్లాగే ఎక్కించేవాళ్లు. మాఘం, ఫాల్గుణం చల్లని నెలలు. ఎన్నో ఏళ్లు ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే అదే పద్ధతి అనుకుంటాం.

ఆ ఏడు పంట ఆలస్యమయింది. చివరి కోత కాయ ఒడ్డుకు వచ్చేసరికి చైత్రం దాటింది. ఎండ మండుతోంది, దక్షిణపు గాలి తిరిగింది. ఆ గాలిలో చెన్నపట్నం పోవాలంటే ఎదురీతే. అయినా కొనేవాళ్లు అక్కడున్నారు. ఎండకు కాయ మరీ గలగలలాడుతోందని ఎప్పటికంటే ఎక్కువ నీళ్లు చల్లారు.

పోలయ్య ఒకసారి అన్నాడు: “షావుకారు గారూ, ఇంత తడికాయ మూసిన ఓడలో ఉడుకుద్దండి. రెండు రోజులు ఒడ్డున ఆరబోద్దాం.”

రాఘవయ్య గారు, “పొడికాయ ఎక్కిస్తే చెన్నపట్నంలో దిగేది కాయ కాదయ్యా, కారం. అది ఎవడు కొంటాడు?” అన్నారు.

ఆయన మాటలోనూ న్యాయముంది. పోలయ్య ఊరుకున్నాడు. సరుకు ఎక్కువై, నీళ్లు తోడే చేతిపంపు దగ్గర దారి కూడా వదలకుండా టిక్కీలు పేర్చారు. దానికి మాత్రం పోలయ్య ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. అలిగి ఉన్నాడు.

ఓడ ఎందుకు తిరిగొచ్చింది

ఇక్కడి నుంచి మా ఇంటాయన చెప్పిందే రాస్తున్నాను.

నేల గాలి మీద బయలుదేరి మంచి దూరమే పోయారు. రెండో రోజు ఎదురుగాలి బలిసింది. అటు వంకర, ఇటు వంకర తిప్పుతూ పోవాలి. ఓడ ప్రతి అలకూ ముక్కు నేలకు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. పెద్ద స్తంభం పాదం దగ్గర, అడుగున, పాత దూది ఊడి సందు విడింది. అదేమంత పెద్ద సంగతి కాదు. అట్లాంటివి సముద్రం మీదే ఎన్నోసార్లు పూడ్చారు. ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు దిగి గుడ్డ, దూది కూరి, చెక్క బిగిస్తాడు.

పంపు నాలుగుసార్లు కొట్టేసరికి పట్టేసింది. మిరప గింజలు, తొక్కలు నీళ్లతో కలిసి గొట్టంలో బిగుసుకున్నాయి. సరే, దిగి కెలుకుదామని మూత తీశారు. లోపల్నించి వచ్చింది ఆవిరి కాదు, కారం. చల్లిన నీళ్లతో ఆ టిక్కీలు మూసిన చోట ఉడికి ఉన్నాయి, కొత్తగా ఉప్పునీరు తగిలింది. తడిగుడ్డ మొహానికి చుట్టుకుని మా ఇంటాయన దిగారు. నిచ్చెన సగం దిగేసరికి కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి అందలేదు. జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఇంకొకడు దిగాడు, ఇంకొకడు. చిల్లు ఎక్కడుందో అందరికీ తెలుసు. దాని దగ్గరకు ఒక్క మనిషీ పోలేడు.

నేను చాలా రకాల నష్టాలు చూశాను. తుపానుకు పోయిన పడవలు ఉన్నాయి, రాతికి కొట్టుకున్నవి ఉన్నాయి. సరుకే కాపలా కాసి మనిషిని దగ్గరకు రానివ్వకుండా ఓడను ముంచడం ఆ ఒక్కసారే చూశాను.

అప్పుడు పోలయ్య పెద్ద చాప దింపించాడు. మూలలకు మోకులు కట్టి, ఓడ ముక్కు కింద నుంచి జారవిడిచి, అటు కొందరు ఇటు కొందరు పట్టుకుని వెనక్కి నడిపించి, చిల్లు ఉన్నచోటికి తెచ్చి బిగించారు. నీటి ఒత్తిడికి గుడ్డ పలకలకు అతుక్కుంది. కారే నీళ్లు తగ్గాయి. మిగిలిన చిన్న చాపతో ఓడను వెనక్కి తిప్పారు. దక్షిణపు గాలి ఇప్పుడు వీపున ఉంది. ఇంటివైపు తోసింది.

ఒడ్డున మాకు ఇవేమీ తెలియవు. చెన్నపట్నం పోవాల్సిన ఓడ తిరిగి వస్తోంది, పెద్ద స్తంభం బోసిగా ఉంది. నా చాప చిరిగింది అనుకున్నాను. చాప చిరగబట్టే తిరిగొస్తున్నారు, ఎంతమంది వస్తున్నారో తెలియదు. మా మామ, “ఏ పట్టీ తెగింది? పైదా, కిందిదా?” అని నన్నే అడుగుతున్నాడు, నేనేదో అక్కడ నిలబడి చూసినట్టు.

ఓడ నీళ్లు తాగి బరువుగా ఉంది. అలలు విరిగేచోట దిబ్బ మీద కూర్చుంది. పడవ పోయి మనుషులను తెచ్చింది. ఒక్కొక్కరి కళ్లు వాచి పండు మిరపకాయల్లా ఉన్నాయి. అందులో మా ఇంటాయన లేరు.

“చాప తెగిందా పోలయ్య మామా?” అని అడిగాను. మొగుడి సంగతి అడగకుండా చాప సంగతి అడిగానేమిటని తర్వాత మా అత్త చాలా ఏళ్లు దెప్పింది. నోటికి అదే వచ్చింది.

“తెగలేదమ్మాయ్. నడికట్టు కట్టాం. బాలింతకు కట్టినట్టు, మంగతాయారమ్మ కడుపుకు చుట్టాం. నీ మొగుడూ ఇంకొకడూ ఆ మోకులు బిగబట్టి కూచున్నారు. వదిలితే జారిపోద్ది.”

అప్పుడు రాఘవయ్య గారు బండి దిగి వచ్చారు. మొదట్లో రాసిన తగవు అదే.

తగవు ఎట్లా తెగింది

ఎవరిది న్యాయం అని నన్ను చాలామంది అడిగారు. పోలయ్య చెప్పినట్టు వెంటనే సరుకు నెట్టి ఉంటే ఓడ తేలేదేమో. కాని ఆ ఆవిరిలోకి దిగి టిక్కీలు ఎవరు మోస్తారు? ఆ సంగతి పోలయ్య చెప్పలేదు. రాఘవయ్య గారు చెప్పినట్టు పొద్దున దాకా ఆగి ఉంటే సరుకు దక్కేదేమో. కాని మోకులు పట్టుకున్న చేతులు రాత్రంతా ఎట్లా ఆగుతాయి? ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఇద్దరూ నిన్నటి తప్పుల గురించి అరుచుకున్నారు. ఆ అరుపుల్లోనే వెలుతురు పోతోంది. తప్పు ఎవరిదన్నది తేలాల్సిందే, కాని ఇల్లు అంటుకున్నప్పుడు కాదు, ఆర్పాక. ఇది షెడ్డులో రోజూ చూస్తాను. పట్టా తప్పుగా కోసేస్తే, మిగతాది కోయడం ఆపరు, ఎవరు కోశారని పోట్లాడతారు.

రాఘవయ్య గారు ఒక్కసారి నావైపు తిరిగారు.

“అమ్మాయ్, కుట్టింది నువ్వేగా. ఆ గుడ్డ తెల్లారేదాకా ఆగుద్దా?”

అందరూ నా మొహం చూశారు. ఆగుతుందంటే ఆయనకు ధైర్యం, మా ఇంటాయనకు ఓడ మీద రాత్రి. ఆగదంటే నా పనికి నేనే మచ్చ పెట్టుకున్నట్టు.

“తెలీదండి” అన్నాను. “గాలికి కుట్టాను గాని ఇసుకకు కుట్టలేదు. అడుగున అంచుతాడు దిబ్బకు ఒరుసుకుంటా ఉంటది.”

ఆయన ఓడవైపు తిరిగారు. పై కండువా తీసి మడిచారు, మళ్లీ విప్పారు. అంత జాగ్రత్త మనిషి ఆ కండువాను ఇసుకలో పడేసుకుని కూడా చూసుకోలేదు.

“ముందు మనుషుల్ని దించుకురా పోలయ్యా” అన్నారు.

“వాళ్లు దిగితే మోకులు సడలుతాయండి. ఇక ఓడ…”

“నాకు తెలుసులే. దించుకురమ్మన్నాగా.”

పోలయ్య పడవ తోయించుకుని తనే పోయాడు. చీకటి పడేలోపు మా ఇంటాయన ఒడ్డు మీద ఉన్నారు. మోకు ఒరుసుకుని రెండు అరచేతుల తోలూ లేచిపోయింది. కళ్లు తెరవలేకపోతున్నారు. “గుడ్డ గట్టిదే” అన్నారు నాతో. నా పనిని ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను ఆయన చేతులకు వెన్న రాసి, గుడ్డ చుట్టి, అన్నం కలిపి పెట్టాను.

పొద్దున

పొద్దున పోయి చూస్తే ఓడ నడుము విరిగి ఉంది. ముందు భాగం దిబ్బ మీద, వెనక భాగం నీళ్లలో. స్తంభాలు రెండూ ఒకదాని మీద ఒకటి వాలాయి. టిక్కీలు పగిలి, ఒడ్డు పొడుగునా మిరపకాయలు. కెరటం వచ్చిన చోటల్లా ఎర్రటి అంచు వేసి పోతోంది. ఊళ్లో ఆడవాళ్లు గంపలు తీసుకుని వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఎటు విన్నా తుమ్ములే. ఆ ఏడాది మా ఊరి కూరల్లో ఎవరూ ఉప్పు వేయలేదు.

నా చాప నాచుతో, ఇసుకతో చుట్టలు చుట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నేను, మా అత్త, ఇంకో నలుగురం లాగాం. ఒక పక్క అంచుతాడు తెగి ఉంది. ఒక మూల చిరిగింది. కుట్టు ఎక్కడా విడలేదు. తడి చాపను చుట్టి పెడితే కుళ్లుతుంది కాబట్టి ఇసుక మీద పరిచాను. నేను వెనక్కి తిరిగేలోపే ఎవరో ఒకావిడ గంపెడు కాయ తెచ్చి దాని మీద పోసింది. “ఏందమ్మా, నా చాప!” అని అరవబోయాను. ఇంకో ఆవిడ పోసింది. ఇసుక అంటకుండా ఎండబెట్టడానికి ఒడ్డు మొత్తం మీద ఇంకో చోటు లేదు. ఊరుకున్నాను.

కాసేపటికి రాఘవయ్య గారు వచ్చారు. చెప్పులు విడిచి, చాప అంచున కూర్చుని, విరిగిన కాయ ఒకవైపు, మంచి కాయ ఒకవైపు ఏరడం మొదలుపెట్టారు. పోలయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతనూ ఏరాడు.

పర్చూరు వైపు నుంచి ఒక రైతు బండి కట్టుకుని వచ్చాడు. ఓడలోని కాయలో చాలా భాగం ఆయన కల్లానిదే. ఆయన్ను చూసి రాఘవయ్య గారు లేచి నిలబడ్డారు. రైతు ఓడను చూశాడు, ఒడ్డును చూశాడు. చాలాసేపు చాప మీది కాయను చూశాడు.

“కూచోండి షావుకారు గారూ. మిగిలింది ఎండనివ్వండి” అన్నాడు.

తర్వాత వంగి, రెండు కాయలు చేతిలోకి తీసుకుని, ఊది చూశాడు. ఇసుక లేదు. చాప అంచు పట్టుకుని గుడ్డ మందం నలిపి చూశాడు.

“ఈ గుడ్డ ఎవరు కుట్టారు?”

“నేనేనండి.”

“మా కల్లానికి ఇట్టాంటిది ఒకటి కుడతావా? వానొస్తే కప్పుకోవడానిక్కూడా పనికొస్తది.”

“కొలత కావాలండి” అన్నాను. “కాయ పోశాక ఎంతయితదో అంత. ఖాళీ కల్లం కొలవబాకండి.”

ఆయన కొలవడానికి ఏమీ తెచ్చుకోలేదు. తెగిన మోకు ముక్క ఒకటి నా కాళ్ల దగ్గర పడి ఉంది. ఇసుక దులిపి ఆయన చేతికిచ్చాను.